పాడుబడ్డ ఇల్లు బాగుచేసి తక్కువ అద్దెకివ్వాలంటే, అదీ జైలు నుంచొచ్చినవాళ్ళకి పనిచ్చి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఊళ్ళల్లో తిరిగితే తాళాలేసిన ఇళ్ళు చాలానే కనిపిస్తాయి, 2018 తిత్లీ తుఫానుకి పెంకులెగిరిపోయి అలాగే ఉండిపోయినవీ ఉన్నాయి, ఓనర్లేమో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు. అలాగని చవగ్గా దొరికిందని ఏ ఇల్లు పడితే అది తీసుకోకండి, ముందు అద్దెకి ఎవరొస్తారో చూడండి. పలాస జీడి ఫ్యాక్టరీల దగ్గర, పైడిభీమవరం కంపెనీల చుట్టుపక్కల, విజయనగరం పాత వీధుల్లో పనివాళ్ళకి రూములు కావాలి. వాళ్ళు నడిచో షేర్ ఆటోలోనో పనికెళ్ళగలిగే దూరంలో ఉన్న ఇల్లే తీసుకోండి.

కొనొద్దు, లీజుకి తీసుకోండి. రిపేర్ ఖర్చు మనది, అది అద్దెలో తీరేదాకా ఓనర్‌కి కొంచెమే ఇస్తాం, అద్దె ఎంతకి మించి పెంచకూడదో కూడా అందులోనే రాసుకోవాలి. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం) తీయించి చూడండి, అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లైతే అందరి సంతకాలూ ఉండాలి, లేకపోతే మీరు సున్నం వేయించాక ఒకాయన ఊరినుంచి దిగి నా వాటా ఏదంటాడు.

ఇక ఇల్లు. తాటి దూలాల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, లోపలికి దిగిపోతే చెదలు తినేసినట్టే, మార్చాలి. స్లాబు ఇల్లైతే సుత్తితో కొట్టుకుంటూ వెళ్ళండి, డొల్లగా మోగినచోట రాడ్డు తుప్పుపట్టి ఉబ్బుంటుంది, సముద్రం దగ్గర ఇది మామూలే. పెచ్చులు తీసేసి వైర్ బ్రష్‌తో తుప్పు పూర్తిగా గీకాకే మళ్ళీ పూయాలి, రాడ్డు బాగా సన్నబడిపోయుంటే మాత్రం ఇంజనీర్ చూడకుండా ముట్టుకోవద్దు. పాత మట్టిగోడ, సున్నం గోడ మీద సిమెంట్ ప్లాస్టరింగ్ వద్దే వద్దు!! గోడలో చెమ్మ బయటికి రాలేక రెండు వానాకాలాలకి ఉబ్బి ఊడిపోతుంది, సున్నంతోనే చేయించండి, మేస్త్రి సిమెంటే గట్టిదని వాదిస్తాడు గానీ వినకండి. సిమెంట్ వాడినచోట కనీసం 7 రోజులు తడపాలి, ఉప్పునీళ్ళతో కాదు. కరెంటు వైరింగ్ పాతది పీకేసి కొత్తది, ఎర్తింగ్, షాక్ తగిలితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, ఇక్కడ మిగుల్చుకునేది ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి, మనుషులు. విశాఖ సెంట్రల్ జైలు, అంపోలు జిల్లా జైలు అధికారుల్ని, కోర్టులో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థనీ కలిసి ఇలా పని ఉందని చెప్పుంచండి. వచ్చినవాళ్ళతో మొదట మాట్లాడాల్సింది పని గురించి కాదు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నావని అడగండి. చాలామందికి ఇంటికెళ్ళే మొహం ఉండదు, బస్టాండులో పడుకుని పొద్దున్నే పరంజా ఎక్కమంటే ఎలా ఎక్కుతాడు? అందుకే ఇంట్లో ముందు ఒక గదీ, ఒక బాత్రూమూ పూర్తిచేసి వాళ్ళకివ్వండి, మిగతా పని తర్వాత.

రెండేళ్ళు దాటి వాడని బ్యాంకు ఖాతా ఆగిపోయుంటుంది, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ పోయుంటుంది, ఒక పూట వాళ్ళతో కూడా వెళ్ళి ఈ రెండూ సరిచేయించండి. కూలి ఊళ్ళో అందరికీ ఎంతో అంతే, రూపాయి తగ్గించొద్దు, జైలు నుంచొచ్చాడు కదా తక్కువకి చేస్తాడనుకునేవాళ్ళు దయచేసి ఈ పనిలోకి రాకండి. అడ్వాన్స్ ఇచ్చి తీరేదాకా కదలనివ్వకపోవడం వెట్టిచాకిరీ, 1976 చట్టం ప్రకారం నేరం. బెయిల్ మీదున్నవాళ్ళకి వాయిదాలుంటాయి, స్టేషన్‌లో సంతకాలుంటాయి, ఆ తేదీలు ముందే రాసుకుని పని దానిచుట్టూ వేసుకోండి.

"ఏటి బాబూ, జైలుకెళ్ళొచ్చినోలికి తాళాలిస్తావా" అని ఓనర్ అడుగుతాడు. ఓనర్‌కి ముందే చెప్పండి, పనివాడిని అడిగే చెప్పండి, వీధికి మాత్రం చెప్పక్కర్లేదు. పక్క వాటాలో ఆడవాళ్ళో పిల్లలో ఉంటుంటే ఏ కేసో తెలుసుకునే ఏ ఇంటికి ఎవరిని పంపాలో చూసుకోవాలి, ఇందులో మొహమాటం పనికిరాదు.

సిమెంట్ తట్టలు మోయించి వదిలేస్తే మీ పని అయ్యాక అతను మళ్ళీ రోడ్డు మీదే ఉంటాడు. ఒక్కొక్కరిని ఒక్కో మేస్త్రి కింద పెట్టి తాపీయో, వడ్రంగమో, ప్లంబింగో పూర్తిగా నేర్పించండి, అతని గతం తెలియనివాళ్ళు పని చూసి పిలిచేదాకా. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు మీరు రాసిస్తే, 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు భవన కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు.

అద్దెకిచ్చేటప్పుడు ఒక వాటా ఆ ఇల్లు బాగుచేసినవాళ్ళలో ఒకరికే ఇవ్వండి, జైలు నుంచొచ్చినవాళ్ళకి బయట ఇల్లు దొరకడం చాలా కష్టం. అద్దె అందరితో సమానమే, అడ్వాన్స్ ఒక నెలది చాలు. మన దగ్గర పెద్ద తుఫాన్లు ఎక్కువ అక్టోబర్‌లోనే వచ్చాయి కాబట్టి, ఏటా సెప్టెంబర్‌లోనే పెంకులు, రేకుల బోల్టులు అదే టీమ్‌తో చూపించండి, దానికి కూలి విడిగా లెక్కకట్టి ఇవ్వండి.