బడికి రచయితను పిలుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బాలల దినోత్సవం దగ్గరపడుతోంది. తిరుపతి, చిత్తూరు ప్రైమరీ బళ్లకు పిల్లల రచయితల్ని, బొమ్మలేసేవాళ్లని పిలిచే టీచర్లకు ఈ నాలుగు మాటలు.

– వాళ్ల పుస్తకం ఒక్కటైనా పిల్లలకు ముందే చదివి వినిపించండి. ఇది చెయ్యకపోతేనే అన్నిటికన్నా పెద్ద నష్టం. కథ తెలియని పిల్లలు “మీదే ఊరు సార్?” దగ్గరే ఆగిపోతారు. తెలిసినవాళ్లయితే “మేకపిల్లకు తోక ఎందుకు వెయ్యలేదు?” అని నిలదీస్తారు. పిలిచేదే అందుకు కదా!

– వానొస్తే ఏ రోజుకు మార్చాలో ఇప్పుడే అనుకోండి. నవంబరులో ఈశాన్య రుతుపవనాలు మనవైపు గట్టిగా కురుస్తాయి. 2021లో తిరుపతి వీధులు మునిగింది ఆ నెలలోనే. తెల్లారి కలెక్టరు సెలవిస్తే కార్యక్రమం అంతే సంగతులు.

– ఖర్చులు, పారితోషికం ఫోన్లోనే తేల్చేయండి. శాలువా చూపిస్తే కండక్టరు టికెట్టు కొట్టడు.

– తిరుపతిలో గది ముందే బుక్ చేయండి. శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ.

– బొమ్మలేసేవాళ్లకు ఏం కావాలో అడగండి. ప్రొజెక్టర్ని నమ్ముకుంటే కరెంటు పోయినప్పుడు చిక్కు. నల్లబల్ల, రంగు సుద్దముక్కలు ఎలాగూ ఉంచండి. ఒకటో తరగతి పిల్లల్ని ముందు వరసలో, నేల మీదే కూర్చోబెట్టండి.

– మధ్యాహ్న భోజనానికి ముందు గంట వద్దు. సాంబారు వాసన తగిలాక ఎవరూ వినరు.

– తమిళనాడు సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు. వచ్చేవాళ్లకు ఆ సంగతి ముందే చెబితే, బొమ్మలు ఎక్కువ, మాటలు తక్కువ పెట్టుకుంటారు.