పాత బేస్ డ్రమ్ములో దీపాలు: కొత్త రంధ్రం ఒక్కటీ పడకుండా

మా బావగారి బేస్ డ్రమ్ము, అంటే కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్ము, చెన్నై సాలిగ్రామంలో అక్కయ్య వాళ్ళ అటక మీద చాలా ఏళ్ళు ఉండిపోయింది. 26 అంగుళాల వ్యాసం, 14 అంగుళాల లోతు, రెండు వైపులా దూడతోలు. కంపెనీ పేరున్న బిళ్ళ మీద అక్షరాలు అరిగిపోయాయి గానీ చెక్కకు ఒక్క పగులు లేదు. మేనల్లుడు దాన్ని కిందికి దించి, తుడిచి, నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, దీంట్లో లైటు పెట్టగలరా? పాత రోజుల్లో డ్రమ్ములు లోపలి నుంచి వెలిగేవని నాన్న చెప్పేవారు."

నేను వడపళని సినిమా స్టూడియోల్లో ముప్పై ఏళ్ళకు పైగా లైట్‌మ్యాన్‌గా పనిచేశాను. వెలుగును ఎక్కడ నిలపాలో తెలుసు, దాని వేడి ఎటు పోతుందో ఇంకా బాగా తెలుసు. ఈ పనికి ఆ రెండోదే ఎక్కువ అక్కరకు వచ్చింది.

డప్పు కొట్టేవారు మొదలుపెట్టే ముందు గడ్డి మంట వేసి డప్పును కాచుకోవడం మనలో చాలామంది చూసే ఉంటారు. తోలు తేమ పీలిస్తే సాగుతుంది, మోత చప్పబడుతుంది. సెగ తగిలితే బిగుసుకుని ఖంగుమంటుంది. 1920లలో అమెరికాలో డాన్సు బ్యాండ్ల డ్రమ్మర్లు బేస్ డ్రమ్ము లోపల బల్బు పెట్టుకున్నది కూడా ఇందుకే. ముందువైపు తోలు మీద చెరువులు, కొండలు, వెన్నెల రాత్రుల బొమ్మలు వేయించుకునేవారు. బల్బు వేస్తే బొమ్మా వెలిగేది, తోలూ పొడిగా ఉండేది. 1950ల చివర్లో తోలుకు బదులు ప్లాస్టిక్ పొరలు (హెడ్‌లు) వచ్చాయి; వాటికి పేరు తెచ్చిన రెమో కంపెనీ పుట్టింది 1957లో. ప్లాస్టిక్‌కు తేమ పట్టదు కాబట్టి ఆ తర్వాత దీపం అలంకారంగా మిగిలింది.

కాబట్టి ముందు మీ డ్రమ్ముకు ఉన్నది తోలా, ప్లాస్టిక్కా చూసుకోండి. ప్లాస్టిక్ అయితే ఎల్‌ఈడీ పట్టీ ఒక్కటి చాలు. తోలు అయితే, అందులోనూ మీది చెన్నైలాంటి సముద్రపు గాలి ఊరు అయితే, పాతకాలపు ఫిలమెంటు బల్బు కూడా కావాలి. ఎల్‌ఈడీ పట్టీ తోలును ఆరబెట్టేంత సెగ ఇవ్వదు.

రెండు విషయాల్లో నేను ఎవరు చెప్పినా వినను. ఒకటి, గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటు డ్రమ్ము లోపలికి పోకూడదు. అదిరే వస్తువులో తీగ ఎక్కడో ఒకచోట ఒరుసుకుంటుంది, కాలు పెడల్ మీద ఉంటుంది, బిగించే కడ్డీలన్నీ ఇనుమే. లోపల నడిచేదంతా 12 వోల్టులే కావాలి. రెండోది, పాత షెల్‌కు, అంటే డ్రమ్ము చెక్క ఒంటికి, డ్రిల్లు తగలకూడదు. ఒకసారి పడిన రంధ్రం మళ్ళీ పూడదు. రేపు ఎవరైనా ఈ దీపాలు వద్దనుకుంటే, అరగంటలో తీసేసి డ్రమ్మును ఉన్నదున్నట్టు అప్పగించగలగాలి.

సామాను కోసం రెండు చోట్లకు తిరిగాను. రిచీ స్ట్రీట్‌లో 12 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టరు, దానికి సరిపడే సాకెట్టు, రెండు చిన్న మీటలు, 0.75 చదరపు మిల్లీమీటర్ల మెత్తని తీగ, పసుపు ఛాయ తెలుపు ఎల్‌ఈడీ పట్టీ 2 మీటర్లు. నీలి ఛాయ తెలుపు మాత్రం కొనకండి, దూడతోలు దాని వెలుగులో పాలిపోయి కనిపిస్తుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కార్ల సామాను కొట్లు ఉన్నాయి. అక్కడ 10 వాట్ల కారు బల్బులు రెండు, వాటి హోల్డర్లు, 5 ఆంపియర్ల ఫ్యూజు, ఫ్యూజు పెట్టుకునే డబ్బీ. కారు బల్బునే ఎంచుకోవడానికి కారణం ఉంది. అది 12 వోల్టులతోనే వెలుగుతుంది, సెగ ఇస్తుంది, గుంతల రోడ్డు మీద కుదుపులకు తట్టుకునేలా తయారైంది. లెక్క కూడా చూసుకోండి: బల్బులు రెండూ 20 వాట్లు, మీటరుకు 4.8 వాట్ల పట్టీ 2 మీటర్లకు సుమారు 10. మొత్తం 30 వాట్లు, అంటే రెండున్నర ఆంపియర్లు. అడాప్టరు తన సత్తాలో సగం బరువే మోస్తుంది, పెద్దగా వేడెక్కదు.

తోలు విప్పేటప్పుడు ఎదురెదురు కడ్డీలను జతలుగా, ఒక్కోటి అర చుట్టు చొప్పున వదులు చేయండి. ఒకవైపే పూర్తిగా విప్పితే హూపు, అంటే తోలును అదిమిపట్టే చెక్క వలయం, మెలిక పడుతుంది. హూపును పట్టుకునే ఏ కొక్కెం ఎక్కడిదో పెన్సిలుతో కాగితం మీద అంకెలు వేసుకోండి. ఇన్నేళ్ళలో ప్రతి కొక్కెమూ తన చోటికి అలవాటు పడి ఉంటుంది. ముందువైపు తోలు ఒక్కటి తీస్తే చాలు. దాన్ని దాని చట్రం మీద నుంచి ఊడదీయకుండా, నీడలో, చదునైన చోట బోర్లించండి. ఎండలోనూ ఫ్యాను కిందా పెట్టవద్దు.

ఎల్‌ఈడీ పట్టీ వెనక ఉండే జిగురును నేను నమ్మను. చెన్నై వేసవిలో అది కారిపోతుంది, పట్టీ ఊడి తోలుకు తగులుతూ గిలగిలమంటుంది. నేను మేదరివారి దగ్గర 2 సెంటీమీటర్ల వెడల్పు వెదురు బద్ద తెచ్చి, లోపలి వైపు చెక్కి పలుచన చేసి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాను. పొద్దున దాన్ని వంచి షెల్ లోపలికి జార్చి వదిలితే, తిన్నగా కావాలని చూసే బద్ద చుట్టూ గోడను అదిమి పట్టుకుంది. జిగురు లేదు, మేకు లేదు. రెండు రోజులు ఆరనిచ్చి, బయటికి తీసి, గోడకు ఆనే వైపు ఉన్ని గుడ్డ అంటించాను. లోపలి వైపు ఎల్‌ఈడీ పట్టీని పరిచి, జానెడుకు ఒకచోట దారంతో కట్టి, పైన ట్రేసింగ్ పేపరు ఒక వరస చుట్టాను. సెట్‌లో కఠినమైన వెలుగును మెత్తబరచడానికి మేము చేసే పనే ఇది. పట్టీని కోయాలంటే గుర్తు ఉన్న చోటే కోయండి. మధ్యలో కోస్తే ఆ ముక్కలోని దీపాలు వెలగవు.

బద్దను ఎంత లోతులో నిలపాలన్న దానికి ఒక సాయంత్రం పట్టింది. మొదట ముందు తోలుకు 3 అంగుళాల దూరంలో పెట్టాను. అంచు చుట్టూ ఉంగరంలాగా వెలుగు, నడుమంతా చీకటి. వెనక్కి జరిపినకొద్దీ వెలుగు నడుమకు పాకింది. 10 అంగుళాల దగ్గర తోలంతా ఒకే రంగులోకి వచ్చింది. అప్పుడు కనిపించాయి, తోలులో సన్నని నరాల గీతలు, రావి ఆకు ఈనెల్లాగా. అక్కయ్య వంటింట్లోంచి వచ్చి కొంగుతో చేయి తుడుచుకుని, ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. ఏమీ అనలేదు.

ఇక బల్బులు. షెల్ బయట ఉన్న లగ్‌లను, అంటే కడ్డీలు దిగే లోహపు దిమ్మెలను, లోపలి నుంచి మరలు పట్టుకుని ఉంటాయి. గడియారంలో 4, 8 అంకెలు ఉండే చోట్లకు దగ్గరి మరలను ఒక్కోటి విప్పి, వాటి కిందే సన్నని అల్యూమినియం రేకు పట్టీ పెట్టి, అవే మరలను మళ్ళీ బిగించాను. మర పొడవు చాలకపోతే ఇంకో లగ్ చూడండి గానీ, కొత్త మరను బలవంతంగా తిప్పకండి. పాత మరల చుట్లు ఇప్పటి మిల్లీమీటరు మరలతో కలవకపోవచ్చు, లగ్ లోపల చుట్లు చెడితే ఆ లగ్ పోయినట్టే. రేకును వంచి బల్బును గోడకు 3 అంగుళాల పైన, లోతులో సరిగ్గా నడుమ నిలపండి. అప్పుడు ఏ తోలుకైనా 7 అంగుళాల దూరం వస్తుంది. బల్బు కింద ఇంకో రేకు ముక్క అడ్డం పెడితే చెక్కకు సెగ తగలదు. పైకి లేచిన వేడి గాలి డ్రమ్మంతా తిరుగుతుంది.

తీగలు రావడానికి షెల్‌కు సాధారణంగా గాలి రంధ్రం ఉంటుంది. దాని అంచుకు రబ్బరు వలయం (గ్రోమెట్) తొడిగి, తీగకు లోపలి వైపు ఒక ముడి వేయండి. ఎవరి కాలైనా తగిలి లాగినా ముడి దగ్గర ఆగిపోతుంది, టంకం మీద బరువు పడదు. రంధ్రాన్ని పూర్తిగా మూయవద్దు, పెడల్ దెబ్బకు లోపలి గాలి పోవడానికి అదే దారి. ఫ్యూజు, మీటలు బయటే ఉండాలి. బల్బులకు ఒక మీట, పట్టీకి ఒక మీట. తోలు మూసే ముందు షెల్ చుట్టూ గుప్పిటతో కొట్టి, చెవి ఒగ్గి వినండి. ఎక్కడ గలగలమన్నా అక్కడ ఉన్ని ముక్క పెట్టండి. మాకు మూడు చోట్ల పెట్టవలసి వచ్చింది.

బిగింపు దగ్గర నేను ఒక తప్పు చేశాను. కార్తీక మాసం, బయట ముసురు. తోలు తేమగా, మెత్తగా ఉంది. శ్రుతి చాలలేదని నేనే బాగా బిగించి, ఆ తర్వాత బల్బులు వేశాను. గంటలో తోలు ఆరి బిగుసుకుంటూ పోయింది. ఒక కొక్కెం కింద చెక్క హూపు లోపలికి వంగింది. మేనల్లుడు చూసి వెంటనే కడ్డీలు వదులు చేయకపోతే తోలు చిరిగేది. ఆ వంకర ఇప్పటికీ ఉంది. అందుకే క్రమం ఇలా ఉండాలి: కడ్డీలు వదులుగా ఉండగానే బల్బులు వేయండి, అరగంట ఆగండి, జ్వరం చూసినట్టు తోలు మీద అరచేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే అప్పుడు, ఎదురెదురుగా, పావు చుట్టు చొప్పున బిగించండి. చేయి చురుక్కుమంటే బల్బు దగ్గరగా ఉన్నట్టు, విప్పి దూరం జరపండి. కచేరీ అయ్యాక ముందు కడ్డీలు వదులు చేసి, తర్వాత బల్బులు ఆర్పండి. వెలుగుతున్న డ్రమ్ముకు గుడ్డ కప్పకండి, ఒంటరిగా వదిలిపోకండి.

మీటల పక్కన తెల్ల టేపు అంటించి, ఒకదాని మీద "తోలు", ఇంకోదాని మీద "వెలుగు" అని రాశాను. కర్తరి మొదలైనప్పటి నుంచి తమిళుల ఐప్పసి నెల వానలు పడేదాకా "తోలు" మీట మీద అడ్డంగా ఇంకో టేపు వేసి ఉంచుతాం. ఆ నెలల్లో చెన్నై ఎండే తోలును ఆరబెడుతుంది.