పాత కారు సొంత రిపేరు, 4వ పాఠం: బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఎందుకు వణుకుతాది

పోయిన పాఠంలో జాకీ ఎక్కించి స్టాండు పెట్టి చక్రం ఊడదీసేది చూసినాం గదా, ఈసారి ఆ చక్రం వెనకాల ఏమేం అరుగుతాయో చూద్దాం. కొంచెం పెద్ద పాఠమే, ఎందుకంటే పాత కార్లలో జనం డబ్బులు ఊరికే పోగొట్టుకునేది ఎక్కువగా ఈడనే. బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఊగుతాందని షెడ్డుకు పోతే ఒకాయన డిస్కులు (చక్రంతో పాటు తిరిగే, బ్రేకు పట్టుకునే ఇనుప బిళ్లలు) మార్చమంటాడు, ఇంకొకాయన లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చేయి) బుష్షులు, అంటే దాని కీలులో ఉండే రబ్బరు ముక్కలు, పోయినాయంటాడు, మూడో ఆయన బండి చూడకుండానే అలైన్‌మెంట్ అంటాడు. మొదటి ఇద్దరు చెప్పేది ఒకే బండిలో రెండూ నిజం అయ్యుండొచ్చు, అదే చిక్కు.

వణుకు పుట్టించేది ఒకటి, దాన్ని పెద్దది చేసి మీ చేతి దాకా తెచ్చేది ఇంకొకటి. పుట్టించేది డిస్కో డ్రమ్మో (వెనక చక్రాల్లో డిస్కు బదులు ఉండే గిన్నె లాంటిది). తెచ్చేది అరిగిన బుష్షు, లూజైన బాల్ జాయింటు (లోయర్ ఆర్మును చక్రం పక్కకు కలిపే గుండు కీలు), టై రాడ్ ఎండు (స్టీరింగు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి కీలు). బుష్షులు గట్టిగా ఉన్న బండిలో డిస్కు కాస్త తేడాగా ఉన్నా డ్రైవరుకు తెలీదు, అదే డిస్కు ఇరవై ఏళ్ల మారుతి 800కో శాంత్రోకో ఉంటే స్టీరింగ్ చేతిలో నిలవదు. అందుకే బుష్షులు మాత్రం మార్పిస్తే వణుకు తగ్గినట్టే తగ్గి కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతాది, జనమేమో స్పేర్ పార్టు డూప్లికేటు అని షాపాయన్ని తిడతారు.

స్పానర్ పట్టుకునే ముందు బండి నడిపి చూడాల. కడప నుంచి మైదుకూరు రోడ్డులో పొద్దున్నే, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు. ముందు బ్రేకు ముట్టుకోకుండా 80, 90 దాకా పోండి, స్టీరింగ్ అప్పుడే వణికితే అది టైరు బ్యాలెన్సింగో రిమ్ము దెబ్బ తినిందో, ఈ పాఠం దానికి పనికిరాదు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితేనే ముందుకు చదవండి. స్టీరింగ్ కుడిఎడమలకు కొట్టుకుంటే ముందు చక్రాల పని. స్టీరింగ్ కుదురుగా ఉండి సీటు, వీపు అదురుతా ఉంటే వెనక డ్రమ్ముల మీద అనుమానం పెట్టుకోండి. దాన్ని తేల్చుకోను సులువైన దారి ఉంది: ఖాళీ రోడ్డులో 30 స్పీడులో పోతా హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా లాగండి, ఈ పాత చిన్న కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలనే పడతాది గాబట్టి అప్పుడూ అదిరితే డ్రమ్ము గుండ్రంగా లేదన్నమాట. గట్టిగా గుంజితే వెనక చక్రాలు లాకై బండి తిరిగిపోతాది, జాగ్రత్త.

ఇంకో రెండు గమనించండి. బ్రేకు తొక్కంగానే బండి ఒక పక్కకు లాగుతాదా. లాగితే క్యాలిపర్ (ప్యాడ్లు అనే అరిగే పలకలతో డిస్కును రెండు పక్కలా నొక్కేది) జామ్ అయ్యుండొచ్చు, ఒక పక్క బుష్షు చిరిగుండొచ్చు. రెండోది, రివర్సులో వెనక్కి పోయి ఆపి మళ్లీ ముందుకు కదిలించి ఆపినప్పుడు కింద "టక్" మని ఒక్కసారి వినపడతాదా. అది దాదాపుగా ఏదో బుష్షో జాయింటో లూజని చెప్పేదే.

ఇప్పుడు డిస్కు. మన షెడ్డుల్లో అందరూ "డిస్కు బెండయింది" అంటారు గానీ చాలాసార్లు జరిగేది వేరే. హబ్బు (డిస్కూ చక్రమూ బిగించే నడిమి భాగం) మీద తుప్పు పొర ఉండంగానే కొత్త డిస్కు బిగిస్తే అది వెంట్రుకవాసి పక్కకు ఊగుతా తిరుగుతాది. మీరు బ్రేకు తొక్కకపోయినా తిరిగినప్పుడల్లా ఒకే చోట ప్యాడుకు రాసుకుంటా ఉంటాది, అట్ల కొన్ని వేల కిలోమీటర్లు పోయేసరికి ఆ చోట డిస్కు పలచబడతాది. మందం తేడా 0.02 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే చాలు, పెడల్లో, స్టీరింగులో తెలిసిపోతాది. ఇంకో రకం కూడా ఉంది, రాయచోటి నుంచి వస్తా గువ్వలచెరువు ఘాట్ అంతా టాప్ గేరులో బ్రేకు మీదే దిగి, కింద కొచ్చి కాలు పెడల్ మీద అట్లే నొక్కిపెట్టి ఆపుకుంటే, కాగిపోయిన డిస్కుకు ప్యాడు మెటీరియల్ అచ్చు వేసినట్టు అంటుకుంటాది, ఆ మచ్చ దగ్గర పట్టు మారిపోయి వణుకు మొదలవుతాది. సెకండ్ గేరులో దిగితే ఈ బాధే లేదు. ఘాట్ దిగంగానే చక్రాల మీద నీళ్లు కొట్టే అలవాటు కూడా మానుకోండి.

మందం కొలవాలంటే మైక్రోమీటరు (మి.మీ.లో వందో వంతు దాకా కొలిచేది) కావాల, వెర్నియరుతో కుదరదు, ఎందుకంటే డిస్కు అంచున అరగని గట్టు మిగిలి ఉంటాది, వెర్నియరు ఆ గట్టు మీద కూర్చుని మందం ఎక్కువ చూపిస్తాది. అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి రాసుకోండి. డిస్కు మీదే కనీస మందం అచ్చు వేసి ఉంటాది చాలావాటికి, దానికంటే తక్కువుంటే లేత్ పట్టించడం (మిషన్లో పైపొర చెక్కించడం) దండగ, మార్చాల్సిందే. ఊగుడు చూడను డయల్ గేజి (సన్న కదలికను ముల్లుతో చూపించేది) ఉంటే మంచిది, చాలా బండ్లకు 0.1 మి.మీ. దాటకూడదంటారు. గేజి లేకపోతే షాకబ్జార్బర్ కు ఒక గట్టి కమ్మీ కట్టి దాని మొన డిస్కుకు ఆనీ ఆననట్టు పెట్టి చక్రం తిప్పండి. డిస్కు బయట నుంచి తగిలించే రకమైతే ముందు నట్లు వాషర్లు వేసి బిగించుకోవాల, లేకపోతే డిస్కు ఊరికే అల్లాడతాది. కమ్మీతో కంటికి ఊగుడు కనపడిందంటే అది బాగా ఎక్కువే, కనపడలేదని మాత్రం డిస్కు బాగుందనుకోవద్దు.

ప్యాడ్లు తీసినప్పుడు లోపలిదీ బయటదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి బాగా అరిగి ఇంకొకటి అట్లే ఉంటే క్యాలిపర్ జరిగే పిన్నులో, ప్యాడును నెట్టే పిస్టనో పట్టేసింది.

సస్పెన్షన్‌కు వద్దాం. చక్రం బిగించి, నేలకు ఆనకుండా స్టాండు మీద ఉండంగా పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత అటూ ఇటూ పట్టుకుని ఊపండి. అటూఇటూ మాత్రమే ఆడితే టై రాడ్ ఎండో లోపల ర్యాక్ ఎండో (అదే కడ్డీకి స్టీరింగు పెట్టె పక్క ఉండే కీలు). పైకిందా ఆడితే బేరింగో బాల్ జాయింటో, ఇంట్లో వాళ్లెవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ఆట ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. ఈ ఒక్క చిట్కా తెలిస్తే షెడ్డులో మిమ్మల్ని ఎవరూ ఊరికే ఆడించలేరు. బాల్ జాయింటును లోయర్ ఆర్ముకూ నకిల్‌కూ (హబ్బును మోసే ఇనుప భాగం) మధ్య ఇనుప కడ్డీ దూర్చి ఎత్తి కూడా చూడాల. రబ్బరు తొడుగు చినిగిందంటే ఎర్రగుంట్ల రోడ్డులో బండల లారీల వెనక పోయే దుమ్మంతా అందులోకే, ఇంక అది ఎక్కువ రోజులు ఉండదు. బాల్ జాయింటులో ఆట కనపడితే ఆ బండి నడపొద్దు, ఊడిపోతే చక్రం పక్కకు వాలిపోతాది.

బుష్షుల్లో చీలిక ఉందేమో టార్చి వేసి చూడండి. మారుతి 800లో స్టెబిలైజర్ బారే (ముందు రెండు పక్కల ఆర్ములను కలిపే ఇనుప కమ్మీ) లోయర్ ఆర్మును ముందూవెనకా కదలకుండా పట్టుకుంటాది, అందుకే దాని బుష్షులు పోతే బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతాది. బండిని నేల మీదే ఒకరు మెల్లగా ముందుకూ వెనక్కీ కదిలిస్తా బ్రేకు తొక్కుతా ఉంటే మీరు పక్కన దూరంగా నిలబడి చక్రానికీ ఫెండరుకూ మధ్య సందు చూడండి, జరిగేది కంటికే తెలుస్తాది.

బిగించేటప్పుడు ఒక మాట, చాలా షెడ్డుల్లో ఇది పట్టించుకోరు. లోయర్ ఆర్మ్ బుష్షు బోల్టు బండి గాల్లో ఉండంగా ఫుల్లుగా బిగించొద్దు, చక్రాలు నేల మీద ఆని బరువు పడినాకే బిగించాల, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలికపడి ఉండి తొందరగా చినుగుతాది. చక్రం నట్లు కూడా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మాన్యువల్లో ఉన్న టార్కుకు. ఎయిర్ గన్నుతో ఒకే నట్టును బర్రుమని బిగించేస్తే కొత్త డిస్కు కూడా ఊగుడు మొదలుపెడతాది. డిస్కులు, ప్యాడ్లు మారిస్తే రెండు పక్కలా ఒకేసారి, హబ్బు తుప్పు వైర్ బ్రష్షుతో తళతళలాడేదాకా గీకినాకే. టై రాడ్ ఎండు మారిస్తే మాత్రం అలైన్‌మెంట్ తప్పదు, అప్పుడు మూడో ఆయన మాట వినాల్సిందే.

వచ్చే పాఠం లోపల మీ బండికి ఎనిమిది చోట్ల డిస్కు మందం, లోపలి బయటి ప్యాడ్ల మందం, రెండు చక్రాల ఆట ఎట్లుందో కాగితం మీద రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో క్యాలిపర్ పిన్నులు తీసి శుభ్రం చేసేది, దానికి మామూలు గ్రీజు ఎందుకు పనికిరాదో చూద్దాం.