మీ ఫొటో కళేనా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

రాజమండ్రిలో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను. పాస్‌పోర్ట్ ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, పోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేసి పటం కట్టించడం, ఇదే మా కూడు. ఫొటో తీయడం కళా, కాదా అని షాపు ముందు బల్ల మీద ఎన్ని సాయంత్రాలు కొట్టుకున్నామో లెక్కలేదు. చట్టం మాత్రం ఎప్పుడో తేల్చేసింది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం పెయింటింగ్, శిల్పాలతో పాటు ఫొటోని కూడా కళాకృతి అంది, అందులో కళ ఉన్నా లేకపోయినా సరే అంది. ఆ లెక్కన నేను తీసిన రేషన్ కార్డు ఫొటోలన్నీ కళాకృతులే! కాబట్టి చట్టాన్ని వదిలేసి, మీ ఫోన్‌లో ఉన్నవాటికే పరీక్ష పెట్టండి.

ముందు మీకు నచ్చినవి ఓ పది ఏరండి. మనవరాలి ఫొటో వద్దు. ముద్దొచ్చేది మనవరాలు, ఫొటో కాదు. ఆ పదింటినీ ప్రింట్ వేయించండి. ఫోన్‌లో చూస్తే వెనక నుంచి వెలుగుంటుంది, ఏదైనా మెరుస్తుంది. కాగితం మీద ఆ సాయం ఉండదు. సగం అక్కడే రాలిపోతాయి.

మిగిలినవాటిలో, అక్కడ ఎవరు నిలబడినా వచ్చేసేవి తీసేయండి. మా ఊళ్లో అయితే గోదావరి ఆర్చి బ్రిడ్జి వెనక పొద్దు గుంకే ఫొటో. అది గోదావరి గొప్పతనం, మనది కాదు. 1907లో స్టీగ్లిట్జ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ఓడలో పోతూ, పై డెక్ మీద నుంచి కింద పేద ప్రయాణికులు కిక్కిరిసి ఉన్నచోటుని చూశాడు. పైనున్న మిగతావాళ్లకీ కనిపించింది అదే. ఆయన కంటికి మాత్రం ఓ గుండ్రటి గడ్డి టోపీ, ఓ పక్కకి వాలిన పొగగొట్టం, ఇంకో పక్కకి వాలిన మెట్లు, ఒకడి వీపు మీద అడ్డంగా తెల్లటి పట్టీలు ఆనాయి. కెమెరా కోసం గదికి పరిగెత్తాడు. ఫొటో పట్టే గాజు ప్లేటు మిగిలింది ఒక్కటే. ఆయన తిరిగొచ్చేదాకా ఎవరూ కదల్లేదట. మీ ఫొటోలో అలా మీ కంటికే ఆనిందేమిటో వేలు పెట్టి చూపించగలగాలి.

తర్వాత పాత శుభలేఖ అట్టలోంచి మూలమట్టం ఆకారంలో, అంటే L అక్షరంలా, రెండు ముక్కలు కత్తిరించండి. రెండూ కలిపి చట్రంలా ప్రింటు మీద పెట్టి మెల్లగా లోపలికి జరపండి. ఎక్కడో ఓ చోట, అరే, ఇలా బాగుందే అనిపిస్తే, తీసేటప్పుడు మీరు చట్రం చూసుకోలేదన్నమాట. కంగారేం లేదు, అక్కడ గీత గీసి కోసేయండి. తన ఫొటోల అంచులు కోయనివ్వని ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్తియే-బ్రెసాన్ కూడా 1932లో పారిస్‌లో తీసిన, నీటిగుంట మీంచి దూకే మనిషి ఫొటోకి అంచు కోయాల్సి వచ్చింది. కంచె చెక్క అడ్డొచ్చింది మరి.

ఇక అసలు పరీక్ష. దీన్ని నాకు తెలియకుండానే నేర్పింది మా డ్రాయింగ్ మాస్టారు. "ఏమయ్యా, మీట నొక్కావు, బొమ్మని ఆ కెమెరా పెట్టె గీసింది, ఇందులో నీదేముంది?" అనేవారు. ఆ మాట ఆయన ఊరికే అనలేదు. మీరు మీట నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం అంటూ కొడాక్ కంపెనీ 1888లో కెమెరా అమ్మింది. ఓ రాత్రి ఆయన్ని డార్క్ రూమ్‌లోకి తీసుకుపోయాను. కోటిలింగాల రేవులో పడవ వాడి నెగటివ్‌ని ఎన్‌లార్జర్‌లో, అంటే బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వెలుగుతో వేసే యంత్రంలో, పెట్టాను. వెలుగు ఎంత ఎక్కువ పడితే ఆ కాగితం అంత నల్లబడుతుంది. మామూలుగా పన్నెండు సెకన్లు వెలుగిస్తే మొహం నల్లగా, ఆకాశం తెల్లగా పాలిపోయి వచ్చింది. రెండోసారి, సన్నటి తీగకి అతికించిన అట్టముక్కని మొహం మీద ఆడిస్తూ నాలుగు సెకన్లు వెలుగు ఆపాను. ఆడించకపోతే అంచు గీతలా పడుతుంది. ఆకాశానికి ఇంకో ఎనిమిది సెకన్లు ఎక్కువిచ్చాను. కాగితాన్ని బొమ్మ తేల్చే మందునీళ్లలో, అదే డెవలపర్‌లో ముంచితే ఎర్ర దీపం కింద ముందు మబ్బులు, తర్వాత పడవ, చివర్న మొహం మీది ముడతలు తేలాయి.

"ఇప్పుడు మీరు వేయండి మాస్టారూ" అన్నాను. ఆయన పడవ వాడి మొహం మీద వెలుగు ఆపలేదు సరికదా, పడవకీ మనిషికీ ఇంకా వెలుగు పోసి పూర్తిగా నల్లగా చేసేశారు. నీళ్ల మీది మెరుపు ఒక్కటీ చెయ్యి అడ్డం పెట్టి కాపాడారు. ముడతలు లేవు, మొహమే లేదు. నల్లటి మనిషి, తెల్లటి నది. చెప్పకేం, నాదానికన్నా బాగుంది. రెండు రోజులు మనసు చివుక్కుమంది.

మీరూ అలాగే చేయండి. ఒకే ఫొటోని మీరొకసారి, బొమ్మలు గీసేవాళ్లెవరైనా ఒకసారి ఫోన్‌లో దిద్దండి, ఒకరిది ఒకరు చూడకుండా. రెండూ ఒకేలా వస్తే ఆ ఫొటోలో మనిషి చేయాల్సిందేం మిగల్లేదు. వేరుగా వస్తే, ఎందుకలా చేశారో ఒకరినొకరు అడగండి. నేను ముడతలు ఎందుకు తేల్చానంటే ఆ పడవ వాడు నాకు తెలుసు. మాస్టారికి అతను తెలియదు, నది తెలుసు.

ఆ రాత్రి తర్వాత కూడా ఆయన ఫొటో కళ అని ఒప్పుకోలేదు. తను వేసిన ప్రింటు మాత్రం హైపోలోంచి, అంటే బొమ్మ చెడకుండా నిలిపే మందునీళ్లలోంచి, తీసి కడిగి, ఆరేదాకా కూర్చుని, ఇంటికి పట్టుకెళ్లారు.