పెడల్ స్టీల్ మీద డోబ్రో ధ్వని: నా అనుభవం

బ్లూగ్రాస్ (అమెరికా జానపద శైలి) పాటలకు నా పెడల్ స్టీల్ (తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ, పెడళ్లతో స్వరం వంచుతూ వాయించే ఎలక్ట్రిక్ గిటార్) మీదే డోబ్రో (లోహపు కోన్ ఉన్న ఎకూస్టిక్ గిటార్) ధ్వని తెప్పించాలని చాలా రోజులు తంటాలు పడ్డాను. ఎలక్ట్రిక్ ధ్వనిని ఎకూస్టిక్ గిటార్‌లా వినిపించే ఎకూస్టిక్ సిమ్యులేటర్ పెడల్ కొన్నాను. ఆన్ చేస్తే రేకు డబ్బా మోత వచ్చింది తప్ప డోబ్రో రాలేదు.

లోపం ఆ సిమ్యులేటర్ పెడల్‌లో లేదు. డోబ్రోలో తీగ కంపనం బ్రిడ్జి మీదుగా పల్చటి అల్యూమినియం కోన్‌కు చేరుతుంది. స్వరం ఠంగున లేచి త్వరగా ఆరిపోతుంది. నేనేమో అలవాటు కొద్దీ వాల్యూమ్ పెడల్ తొక్కుతూ ప్రతి స్వరాన్నీ సాగదీస్తున్నాను!

ముందు ఆ కాలు కదలకుండా పెట్టాను. కంప్రెసర్ (ధ్వని హెచ్చుతగ్గులను సమం చేసేది) తీసేశాను, రివర్బ్ (గదిలో మారుమోగినట్టు వినిపించేది) బాగా తగ్గించాను. ఈక్యూలో (ఏ పౌనఃపున్యం ఎంత వినిపించాలో సరిచేసేది) 200 హెర్ట్జ్ కింద తగ్గించి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త పెంచాను. సిమ్యులేటర్‌ను అసలు ధ్వనితో సగం సగం కలిపాను. బ్రిడ్జికి దగ్గరగా మీటాను.

నేల పెడళ్లు, మోకాలి లివర్లు అసలు ముట్టుకోలేదు. ఒక్కటి నొక్కినా స్వరం వంగే తీరు ఇది స్టీల్ అని పట్టిచ్చేస్తుంది. ఈ9 (E9) ట్యూనింగ్‌లో, అంటే నా స్టీల్ తీగల శ్రుతి అమరికలో, మూడో ఫ్రెట్ మీద బార్ పెడితే 8, 6, 5 తీగలు జీ, బీ, డీ పలుకుతాయి. డోబ్రో ఖాళీ తీగల స్వరాలూ అవే. అక్కడ మొదటిసారి మీటినప్పుడు ఒళ్లు పులకరించింది.

బార్‌ను చటుక్కున లేపి ఖాళీ తీగ మోగించడం మాత్రం ఇంకా సాధన చేస్తున్నాను.