1969 ఆగస్టులో ఐర్లాండ్ సైన్యం సరిహద్దు దాటి ఉంటే: ఆ కథ ఎలా రాయాలి

1969 ఆగస్టులో, బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య అల్లర్లు చెలరేగాయి. పక్కనున్న ఐర్లాండ్ తన సైన్యాన్ని అక్కడికి పంపి ఉంటే ఏమయ్యేదో కథగా రాయాలంటే, ముందు తేదీ తేల్చుకోండి. సరిహద్దు దాటి కాథలిక్కులను కాపాడాలన్న ‘ఆర్మగెడాన్’ అనే ఐరిష్ సైనిక పథకం గురించి చదవగానే చాలామంది దాన్ని తెచ్చి ఆగస్టు అల్లర్లకు అతికిస్తారు. ఆ పథకం తయారైంది సెప్టెంబరులో. అప్పటికే ఉత్తర ఐర్లాండ్ నగరాలైన డెర్రీ, బెల్ఫాస్ట్ వీధుల్లో బ్రిటిష్ సైనికులు కాపలా కాస్తున్నారు. సెప్టెంబరు కథ రాస్తే రెండు దేశాల సైన్యాలు ఢీకొంటాయి. ఆగస్టు 13 రాత్రి కథ రాస్తే ఐరిష్ సైనికులకు మొదట ఎదురయ్యేది ఆర్‌యూసీ (ఉత్తర ఐర్లాండ్ పోలీసు దళం) పోలీసులు, వాళ్లకు తోడుగా ప్రొటెస్టెంట్లతో నిండిన బి స్పెషల్స్ అనే సహాయక పోలీసు దళం.

నేనైతే ఆగస్టు 13నే ఎంచుకుంటాను. ముందురోజు డెర్రీలో అప్రెంటిస్ బాయ్స్ అనే ప్రొటెస్టెంట్ సంఘం ఊరేగింపుతో గొడవ మొదలైంది. కాథలిక్కులుండే బాగ్‌సైడ్ పేటలోకి పోలీసులు చొరబడబోతే జనం రాళ్లతో, పెట్రోలు బాంబులతో అడ్డుకున్నారు. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ప్రధాని జాక్ లించ్ మంత్రివర్గం కూర్చుంది. మంత్రులు నీల్ బ్లేనీ, కెవిన్ బోలండ్, చార్లెస్ హాహీ గట్టి చర్య కావాలన్నారు. ఆ రాత్రి లించ్ టీవీలో మాట్లాడి, అమాయకులు గాయపడుతుంటే తమ ప్రభుత్వం ఇక చూస్తూ ఊరుకోలేదని చెప్పాడు. కానీ సరిహద్దుకు పంపింది సైనిక ఆసుపత్రుల్ని. మర్నాడు సాయంత్రం బ్రిటిష్ సైన్యం డెర్రీ వీధుల్లోకి దిగింది. అంటే మీ చేతిలో ఉన్న సమయం ఒక రోజు కూడా లేదు. ఆ మంత్రివర్గంలో ఒక్క నిర్ణయం మార్చండి, చాలు. ఇంకేదీ మార్చకండి.

ముఖ్యంగా ఐరిష్ సైన్యాన్ని బలవంతులుగా మార్చకండి. కాంగోలో, సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున పనిచేసిన అనుభవం వాళ్లకుంది, పెద్ద యుద్ధం చేసే సరంజామా లేదు. సెప్టెంబరు పథకం లెక్కల ప్రకారం వెంటనే కదలగలిగింది రెండు వేల మందికి కాస్త పైన. అది కూడా చిన్న కంపెనీలుగా, 24 గంటలకు మించకుండా. సైన్యానికి వాహనాలు చాలక ప్రభుత్వ బస్సుల మీద ఆధారపడాల్సిన పరిస్థితి. రాత్రిపూట, డెర్రీ పక్కనే ఉన్న ఐరిష్ జిల్లా డోనెగాల్ రోడ్డు మీద, మామూలుగా ప్రయాణికులు ఎక్కే బస్సులో, రైఫిల్ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని ఊహించుకోండి. మీ మొదటి అధ్యాయం అక్కడే ఉంది.

తర్వాత మ్యాప్. డెర్రీ మ్యాప్ బల్ల మీద పరచి, ఫోయిల్ నదిని నీలం పెన్సిల్‌తో దిద్దుకున్నాకే నాకు ఈ కథ కుదురుకుంది. బాగ్‌సైడ్, క్రెగ్గన్ పేటలు నదికి పడమటి ఒడ్డున ఉన్నాయి. డోనెగాల్ సరిహద్దు కూడా అటువైపే, కొన్ని కిలోమీటర్ల దూరంలో. కాబట్టి ఐరిష్ సైనికులు నది దాటకుండానే బాగ్‌సైడ్ చేరుకోగలరు. తూర్పు ఒడ్డున వాటర్‌సైడ్, అక్కడే బ్రిటిష్ స్థావరం. ఊళ్లో ఈ రెండు ఒడ్లనూ కలిపే రోడ్డు వంతెన అప్పట్లో ఒక్కటే, క్రేగావన్ బ్రిడ్జి. రెండు సైన్యాలు ఎదురుపడేది అక్కడే. ఎవరు ముందు కాల్చారు, అసలు ఎవరైనా కాల్చారా అన్నది మీ ఇష్టం. వంతెనకు చెరో కొసనా నిలబడిన ఇద్దరు ఆఫీసర్లు ఇంగ్లిషులోనే మాట్లాడుకునే ఒక గంటసేపటి దృశ్యం, యుద్ధం కన్నా ఎక్కువ టెన్షన్ పుట్టిస్తుందని నా నమ్మకం.

డెర్రీ తేలికైన భాగం. ఈ కథ నిలబడేదీ పడిపోయేదీ బెల్ఫాస్ట్ దగ్గర. సరిహద్దు పక్కనున్న న్యూరీ నుంచి బెల్ఫాస్ట్ దాదాపు 60 కిలోమీటర్లు. డెర్రీలో, న్యూరీలో కాథలిక్కులు ఎక్కువ. బెల్ఫాస్ట్‌లో వాళ్లు మైనారిటీ. కాథలిక్కుల ఫాల్స్ రోడ్డుకూ ప్రొటెస్టెంట్ల షాంకిల్ రోడ్డుకూ మధ్య కొన్ని చిన్న సందులే అడ్డు. ఏ సైన్యమూ సరిహద్దు దాటని మన చరిత్రలోనే ఆగస్టు 14, 15 తేదీల్లో అక్కడ మనుషులు చచ్చిపోయారు, బాంబే స్ట్రీట్ తగలబడింది. ఆ వేసవిలో బెల్ఫాస్ట్‌లో 1,800కు పైగా కుటుంబాలు ఇళ్లు వదిలిపోయాయి, వాటిలో ఎక్కువ భాగం కాథలిక్కులవి. ఇప్పుడు డబ్లిన్ సైన్యం వచ్చిందన్న వార్త షాంకిల్ రోడ్డులో రేడియోలో వినబడిందనుకోండి. ఐర్లాండ్ రాజ్యాంగంలోని 2, 3 అధికరణాలు ద్వీపమంతా తమదేనని చెబుతున్న రోజులవి. అక్కడి ప్రొటెస్టెంట్ల కంటికి అది రక్షణ దళంలా కనబడదు, ఏళ్లుగా భయపడిన దండయాత్రే ఇంటికొచ్చినట్టు ఉంటుంది. ఆ కోపమంతా ఐరిష్ సైనికులు చేరుకోలేని ఫాల్స్ రోడ్డు మీద పడుతుంది. డెర్రీలో కాపాడిన ప్రాణాలను చూపించే రచయిత, బెల్ఫాస్ట్‌లో పోయిన ప్రాణాలనూ అంతే శ్రద్ధగా చూపించి తీరాలి. ఇది నాకు చాలా ముఖ్యం. ఆ ఇళ్లలో ఉన్నది నిజమైన మనుషులు.

షాంకిల్ వైపు నుంచి కూడా ఒక అధ్యాయం రాయండి. ఒక తల్లి, ఆమె భర్త బి స్పెషల్స్‌లో ఉన్నాడు, ఆ రాత్రి తుపాకీ తీసుకుని బయల్దేరాడు. ఆమె భయాన్ని వెక్కిరించకుండా రాయగలిగితేనే మిగతా కథ నమ్మబుద్ధవుతుంది.

లండన్ ప్రతిస్పందన మీద ఎక్కువ పేజీలు అక్కర్లేదు. బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ డబ్లిన్ మీద బాంబులు వేయనక్కర్లేదు. ఐరిష్ పౌండ్ బ్రిటిష్ పౌండ్ స్టెర్లింగ్‌తో సమానంగా ముడిపడి ఉంది, ఎగుమతుల్లో అధికభాగం బ్రిటన్‌కే వెళ్తాయి, లక్షలమంది ఐరిష్ వాళ్లు బ్రిటన్‌లో పనిచేస్తున్నారు. ఈ మూడింటిలో ఏది బిగించినా డబ్లిన్‌కు ఊపిరాడదు. ఇక ఐక్యరాజ్యసమితి: అసలు చరిత్రలో ఆగస్టు 20న ఐర్లాండ్ విదేశాంగ మంత్రి పాట్రిక్ హిల్లరీ భద్రతా మండలిలో మాట్లాడితే, ఆ విషయాన్ని చర్చకు తీసుకోవాలా వద్దా అన్నది తేల్చకుండానే వాయిదా వేశారు. మీ కథలో మాత్రం మండలి తప్పించుకోలేదు. బ్రిటన్‌కు వీటో ఉందన్న సంగతి మరచిపోకండి.

రాసింది నమ్మేలా ఉందో లేదో చూసుకోవడానికి 1974 సైప్రస్‌ను పక్కన పెట్టుకుని సరిపోల్చండి. తనవాళ్లను కాపాడతానంటూ టర్కీ సైన్యం దిగింది. ద్వీపం రెండుగా చీలింది, రెండు వైపులా జనం ఊళ్లు మారారు. కానీ టర్కీ బలం ఐర్లాండ్‌కు లేదు, ఎదుట ఉన్నది బ్రిటన్. అందుకని అక్కడి ఫలితాన్ని యథాతథంగా ఎత్తుకొస్తే కుదరదు. అక్కడి నుంచి తీసుకోవాల్సింది జనం కదలిక: ఏ వీధి ఎప్పుడు ఖాళీ అయింది, ఎవరి తాళంచెవి ఎవరి దగ్గర మిగిలింది.

చివరి అధ్యాయాన్ని 1973 జనవరి 1కి పెట్టమంటాను. నిజానికి ఆ రోజు ఐర్లాండ్, బ్రిటన్ కలిసి యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీలో చేరాయి. మీ కథలో ఎవరు చేరారు, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారు అన్నది ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, అప్పుడు ఆ బస్సు దృశ్యంతో మొదలుపెట్టండి.