జనరల్ ఇన్సూరెన్స్ ఏజెన్సీ కోడ్: ఏ దారిలో తీసుకోవాలి, ఎక్కడ ఆగిపోతుంది

బండి, ఇల్లు, దుకాణం, మిల్లు... వీటికి పాలసీలు చేయాలంటే కంపెనీ నుంచి ఏజెన్సీ కోడ్ రావాలి. కోడ్ రావడం పెద్ద కష్టం కాదు. ఎవరి దగ్గర, ఏ హోదాలో తీసుకుంటున్నారన్నదే ముఖ్యం. ఒకసారి మీ పాన్ నంబరు ఒకచోట ముడిపడితే విప్పుకోవడానికి నెలలు పడుతుంది.

దారులు మూడు. వ్యక్తిగత ఏజెంటు అయితే ఒక లైఫ్ కంపెనీ, ఒక జనరల్ కంపెనీ, ఒక హెల్త్ కంపెనీ పెట్టుకోవచ్చు. ఎల్ఐసీ ఏజెంట్లు ఉన్న ఏజెన్సీ వదులుకోకుండానే ఇందులోకి రావచ్చు. కానీ రెండు జనరల్ కంపెనీలు మాత్రం కుదరవు. రెండోది పీఓఎస్‌పీ, అంటే పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్. పదో తరగతి పాసై, 15 గంటల ట్రైనింగ్ చేసి పరీక్ష రాస్తే చాలు. చాలా కంపెనీల పాలసీలు అమ్మే బ్రోకరు కింద చేరితే ఆయనకు ఒప్పందమున్న కంపెనీల రేట్లన్నీ మీకూ కనిపిస్తాయి. బైకులు, కార్లకు ఇది బాగుంటుంది. మిల్లు, ఫ్యాక్టరీ పాలసీలకు మాత్రం ఇది దారి కాదు. మూడోది ఇన్సూరెన్స్ మార్కెటింగ్ ఫర్మ్. 10 లక్షల నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) చూపించాలి. 2022లో మారిన నిబంధనల ప్రకారం ఒక్కో విభాగంలో ఆరు కంపెనీల దాకా పెట్టుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది తొందరే.

మీ దగ్గరికి వచ్చే వ్యాపారాన్ని బట్టి దారి ఎంచుకోండి. షోరూములు, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ పరిచయాలుంటే పీఓఎస్‌పీ చాలు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, గోడౌన్లు తెలిసినవారైతే దగ్గర్లో బ్రాంచి ఉన్న కంపెనీలోనే ఏజెంటుగా చేరండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ప్రాంతం మనది. తుపాను మర్నాడు రేకులెగిరిపోయిన మిల్లు యజమాని ఫోన్ చేసేది మీకే. క్లెయిమ్ కాగితం పట్టుకుని వెళ్లి మాట్లాడటానికి మనిషి ఉన్న ఆఫీసు కావాలి. నాలుగు రూపాయలు కమీషన్ తగ్గినా మేము దీనికే ఓటేస్తాం.

ఫారం నింపకముందే బ్రాంచి మేనేజరును ఇవి అడగండి. పాత లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు తీసుకుంటారా, ఏవి వద్దంటారు? పాలసీ గడువు దాటిన బండికి ఇన్‌స్పెక్షన్ ఎవరు చేస్తారు, ఎన్నాళ్లలో? ఎంత సమ్ ఇన్సూర్డ్ (బీమా చేసే మొత్తం) దాకా ఈ బ్రాంచే ఒప్పుకోగలదు? శ్రీకాకుళం, టెక్కలి, బొబ్బిలి వైపు క్యాష్‌లెస్ గ్యారేజీలు (రిపేరు బిల్లు కంపెనీయే నేరుగా కట్టేవి) ఉన్నాయా, లేక విశాఖ పంపాలా? కమీషన్ ఎంత? 2023 ఏప్రిల్ నుంచి కమీషన్‌ను ఏ కంపెనీకి ఆ కంపెనీ బోర్డే నిర్ణయిస్తోంది కాబట్టి బండి రకం వారీగా కాగితం మీద రాయించుకోండి.

ఇక కాగితాలు. పదో తరగతి మెమో, పాన్, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఫొటోలు. ఎక్కువ ఫైళ్లు ఆగేది పేరు దగ్గరే. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, బ్యాంకులో వెనకాముందుగా ఉంటుంది. ముందు ఆధార్, పాన్ ఒకేలా చేయించి, తర్వాత బ్యాంకు ఖాతా సరిచేయించండి. ఆ తర్వాతే దరఖాస్తు.

దరఖాస్తు ఫారం 1-ఏ. కంపెనీ ముందుగా మీ పాన్ ఇంకెక్కడైనా నమోదైందా, బ్లాక్‌లిస్టులో ఉందా అని చూస్తుంది. తర్వాత ట్రైనింగ్, ఐసీ-38 అనే ఏజెంట్ల పరీక్ష. 50 ప్రశ్నలు, గంట సమయం, 35 శాతం వస్తే పాస్. తెలుగులోనూ రాయొచ్చు. ఎల్ఐసీ కోసం లైఫ్ భాగం రాసినవారు జనరల్ భాగం విడిగా రాయాలి. పాస్ సర్టిఫికెట్ 12 నెలలే చెల్లుతుంది, ఈలోపు మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో లెటర్ రావాలి.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. ఎప్పుడో ఏదో యాప్‌లో పాన్ ఇచ్చి పీఓఎస్‌పీగా నమోదై ఉంటారు, ఆ సంగతే గుర్తుండదు. అలా ఉంటే ముందు అక్కడ పేరు తీయించుకోండి. ఏజెంటుగా ఉండి కంపెనీ మారాలంటే పాత కంపెనీ సెసేషన్ సర్టిఫికెట్ (అక్కడి ఏజెన్సీ ముగిసిందన్న పత్రం) ఇవ్వాలి. అది వచ్చిన 90 రోజుల తర్వాతే కొత్త కంపెనీ మీ దరఖాస్తు చూస్తుంది. కోడ్ ఇప్పిస్తామని వేలకు వేలు అడిగేవారికి పైసా ఇవ్వకండి.

కోడ్ వచ్చాక మొదట పాటించాల్సింది బీమా చట్టంలోని సెక్షన్ 64వీబీ. వసూలు చేసిన ప్రీమియం కమీషన్ మినహాయించుకోకుండా, సెలవులు పోను 24 గంటల్లో కంపెనీకి కట్టాలి. డబ్బు ముందుగా చేరకపోతే బీమా రక్షణ మొదలవదు. శుక్రవారం తీసుకున్న డబ్బు సోమవారం దాకా జేబులో ఉంచుకుంటే, మధ్యలో జరిగిన ప్రమాదానికి కంపెనీ బాధ్యత ఉండదు. ఆ కుటుంబానికి మీరే జవాబు చెప్పాలి. కమీషన్లో వాటా ఇచ్చి పాలసీ చేయించడం అదే చట్టం సెక్షన్ 41 కింద నేరం, 10 లక్షల దాకా జరిమానా.

మిల్లులు, దుకాణాలకు మొత్తం విలువ 5 కోట్లు మించకపోతే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ సరిపోతుంది. విలువ తక్కువ చూపించి ప్రీమియం ఆదా చేయమని యజమానులు అడుగుతారు. 15 శాతం లోపు తేడాను కంపెనీ పట్టించుకోదు, అది దాటితే క్లెయిమ్ ఆ దామాషాలో కోసేస్తారు. 40 లక్షల సరుకుకు 30 లక్షలే రాయిస్తే తేడా 25 శాతం, 8 లక్షల నష్టానికి వచ్చేది 6 లక్షలే. ఈ లెక్క ప్రపోజల్ (పాలసీ దరఖాస్తు) మీద సంతకం పెట్టించే ముందే చూపించండి. సీజనులో సరుకు పెరిగితే సమ్ ఇన్సూర్డ్ పెంచుకోమని ఫోన్ చేయడమూ మీ పనే.